మీ ఇంట్లో ఏ నెట్‌వర్క్ తగులుతుంది? 2జీ నుంచి 5జీ దాకా కొలిచి ఎంచుకునే పద్ధతి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో 5జీ మీద పరుగులు పెట్టిన ఫోనే, పాతిక కిలోమీటర్ల అవతల పల్లెలో వంటగదిలోకి వెళ్లేసరికి యూపీఐ చెల్లింపుకు కూడా గిరగిరా తిరుగుతూ కూర్చుంటుంది. ఫోను అదే, సిమ్ అదే, రీఛార్జి అదే. మారినవి మూడే: ఫోను పట్టుకున్న బ్యాండ్ (మెగాహెర్ట్జ్‌లో చెప్పే రేడియో తరంగాల పట్టీ), టవర్ దూరం, మధ్యలో అడ్డొచ్చిన గోడ. అందుకే ‘ఏ నెట్‌వర్క్ బాగుంటుంది’ అని అడిగితే ఊరికో జవాబు వస్తుంది. ఒక్కోసారి ఒకే వీధిలో రెండు జవాబులొస్తాయి. ఆ జవాబును మీ ఇంటికి సరిపోయేలా మీరే రాబట్టుకోవచ్చు. రెండు మూడు రోజులు, రోజుకో అరగంట చాలు. మీ ఫోను, ఇంట్లోవాళ్లవో పక్కింటివాళ్లవో వేరే కంపెనీల సిమ్‌లు, సిమ్ తీసే పిన్ను, ఒక కాగితం దగ్గర పెట్టుకోండి.

2జీ, 3జీ, 4జీ, 5జీ: అవసరమైనంత వరకు

2జీ మాటకూ ఎస్ఎంఎస్‌కూ పుట్టింది. మన దేశంలో 900, 1800 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది. దీని మీద నెట్ ఉందంటే ఉంది, వాట్సాప్‌లో రాసిన మెసేజ్ మెల్లగా వెళ్తుంది, ఫొటో వెళ్లదు. కానీ 2జీని తీసిపారేయడానికి లేదు. 900 బ్యాండ్‌లో 2జీ ఫోను 2 వాట్ల దాకా బలంతో టవర్‌కు కేక వేయగలదు. 4జీ ఫోనుకు మామూలుగా ఉండే గరిష్ఠ బలం 0.2 వాట్లే. సిగ్నల్ లేదనుకున్న చోట పాత కీప్యాడ్ ఫోను మోగడానికి ఇదొక కారణం. అయితే ఎంత బలంగా అరిచినా 2జీ టవర్ సాధారణంగా 35 కిలోమీటర్లు దాటి వినలేదు. సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే సమయం లెక్కను ఆ పద్ధతిలో అంతవరకే పెట్టారు. కళింగపట్నం, బారువ, భావనపాడు నుంచి వేటకు వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి: నడిసముద్రంలో మొబైల్ ఫోను ప్రాణరక్షణ సాధనం కాదు, పడవలో వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు ఉండాల్సిందే.

ఇంకో సంగతి. పొలం మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్లలో, పాత స్వైపింగ్ మిషన్లలో చాలావాటిలో ఉండేది 2జీ మోడెమే. జియోకు అసలు 2జీ లేదు, 2016లో 4జీతోనే మొదలైంది. కాబట్టి అలాంటి స్టార్టర్‌లో జియో సిమ్ వేస్తే మోటారు కదలదు, తప్పు మెకానిక్ మీదకు పోతుంది. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లలో ఏది పొలం దగ్గర తగులుతుందో చూసి వేయాలి. కొత్తగా కొంటుంటే 4జీ స్టార్టరా కాదా అని ముందే అడగండి.

3జీ గురించి పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. ఎయిర్‌టెల్, వీఐ దాన్ని తీసేసి ఆ స్పెక్ట్రమ్‌ను 4జీకి ఇచ్చేశాయి. 3జీ వరకే పట్టే పాత ఫోను మీ దగ్గరుంటే అది ఇప్పుడు దాదాపు 2జీ ఫోనే.

4జీలో మాట కూడా డేటాగానే పోతుంది, దాన్నే వోల్టీ అంటారు. ఫోనులో వోల్టీ లేకపోయినా, ఆపేసి ఉన్నా రెండు రకాల ఇబ్బంది వస్తుంది. ఎయిర్‌టెల్, వీఐ సిమ్ అయితే కాల్ రాగానే ఫోను 2జీకి దిగిపోతుంది, మాట్లాడినంతసేపూ నెట్ ఆగిపోతుంది. జియో సిమ్ అయితే మామూలు కాలే కుదరదు.

5జీ రెండు రకాలు. జియో పెట్టింది సొంత కాళ్ల మీద నిలబడేది. ఎయిర్‌టెల్ మొదలుపెట్టింది 4జీని ఆసరా చేసుకుని నడిచేది. రెండో రకంలో ఫోను ఒకేసారి 4జీనీ 5జీనీ పట్టుకుని ఉంటుంది. సిగ్నల్ అంచున ఉన్న ఊళ్లలో బ్యాటరీ త్వరగా దిగిపోవడానికి ఇదీ ఒక కారణమే. 5జీకి కొత్త సిమ్ అక్కర్లేదు, 4జీ సిమ్ చాలు. కానీ పాతకాలపు 2జీ, 3జీ సిమ్ మీద 4జీ రాదు. బీఎస్ఎన్ఎల్ పాత వినియోగదారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: ఊళ్లో 4జీ వేశారని విని, సిమ్ మార్చకుండా ‘మనకు రావట్లేదు’ అనుకుంటారు.

అసలు కీలకం బ్యాండ్

తక్కువ మెగాహెర్ట్జ్ అంటే దూరం వెళ్తుంది, గోడలు దాటుతుంది, కానీ బాట ఇరుకు. ఎక్కువ మెగాహెర్ట్జ్ అంటే బాట వెడల్పు, కానీ నాలుగు గోడలకే ఆయాసపడుతుంది. సన్నటి కాలువ పొలం చివరిదాకా పారుతుంది, పెద్ద చెరువు నీళ్లు మాత్రం గట్టు దాటి రావు. ఇంతే తేడా.

అంకెల్లో చూద్దాం. 4జీలో జియో వాడేవి 850, 1800, 2300. ఎయిర్‌టెల్ 900, 1800, 2100, 2300 వాడుతుంది. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ ప్రధానంగా 700, 2100 మీద వస్తోంది. 5జీలో జియో, ఎయిర్‌టెల్ రెండింటికీ వేగమిచ్చేది 3300 మెగాహెర్ట్జ్, ఫోను భాషలో ఎన్78. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్‌ను కొన్నది జియో ఒక్కటే, అది ఎన్28.

ఇది తెలిస్తే చాలామందిని తికమక పెట్టే ప్రశ్న విడిపోతుంది: ‘5జీ అని చూపిస్తోంది, వేగం మాత్రం 4జీ లాగే ఉంది, ఎందుకని?’ ఎన్78లో బాట వెడల్పు 100 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. ఎన్28లో ఉన్నది 10 మాత్రమే. వీధిలో ఎన్78 పట్టిన జియో సిమ్ ఫోను, ఇంట్లోకి రాగానే ఎన్28కి దిగుతుంది. పైన గుర్తు మారదు, లోపల బాట పదో వంతు అయిపోతుంది. 4జీలోనూ ఇదే కథ. పడగ్గదిలో 850 మీద నాలుగు గీతలుంటాయి, వీడియో మాత్రం ఆగి ఆగి వస్తుంది. ఎందుకంటే దూరం ఊళ్ల ఫోన్లన్నీ ఆ సన్న కాలువలోనే ఉంటాయి.

మొదటి అడుగు: మీ ఫోను ఏ బ్యాండ్లు పడుతుందో చూడండి

నెట్‌వర్క్‌ను తిట్టేముందు ఫోను సంగతి తేల్చుకోవాలి. ఫోను కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరుతో వెతికితే నెట్‌వర్క్ బ్యాండ్ల పట్టిక ఉంటుంది. మోడల్ నంబరు సెట్టింగ్స్‌లో ‘ఫోను గురించి’ అన్న పేజీలో దొరుకుతుంది. 4జీకి బ్యాండ్ 1, 3, 5, 8, 40 ఉండాలి (ఇవి వరుసగా పైన చెప్పిన 2100, 1800, 850, 900, 2300 మెగాహెర్ట్జ్‌లకు ఫోను భాషలో పేర్లు). 28 కూడా ఉంటే బీఎస్ఎన్ఎల్ 700 పడుతుంది. పాత చౌక ఫోన్లలో తరచూ లేనిది ఆ 28యే. 5జీకి ఎన్78 దాదాపు అన్నిటిలో ఉంటుంది, ఎన్28 ఉందో లేదో చూసుకోండి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన ఫోనైతే ఈ పట్టిక తప్పకుండా చూడాలి. ఒక దేశానికి చేసిన మోడల్‌లో మన బ్యాండ్లు ఉండకపోవచ్చు.

రెండో అడుగు: గీతలు వదిలేసి అంకె చదవండి

గీతలు ఎన్ని చూపాలో ఒక్కో ఫోను కంపెనీది ఒక్కో లెక్క. ఒకే సిగ్నల్‌కు ఒక ఫోను మూడు గీతలు చూపిస్తే ఇంకొకటి రెండే చూపిస్తుంది. అసలు అంకె ఇలా దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, ఫోను గురించి, స్టేటస్, సిమ్ స్టేటస్, అక్కడ సిగ్నల్ బలం డీబీఎంలో ఉంటుంది. కొన్ని ఫోన్లలో *#*#4636#*#* కొడితే ఇంకా వివరంగా వస్తుంది. ఐఫోనులో *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కాలి. బ్యాండ్ కూడా కావాలంటే ప్లే స్టోర్‌లో నెట్‌మానిటర్ తరహా ఉచిత యాప్ ఒకటి వేసుకోండి. లొకేషన్ అనుమతి అడుగుతుంది, ఇవ్వకపోతే టవర్ వివరాలు చూపించదు.

అంకె ముందు మైనస్ ఉంటుంది, దాన్ని అప్పు అనుకోండి. 85 రూపాయల అప్పు 110 రూపాయల అప్పు కన్నా మేలు. 4జీలో ఈ అంకెను ఆర్ఎస్ఆర్‌పీ అంటారు. మైనస్ 85 లోపు అయితే నిశ్చింత. 85 నుంచి 100 దాకా అన్నీ నడుస్తాయి. 100 నుంచి 110 మధ్య కాల్స్ బాగుంటాయి, వీడియో తడబడుతుంది. 115 దాటితే కాల్ మధ్యలో తెగుతుంది. 120 దాటితే ఆశ వదులుకోండి. 3 తేడా అంటే సిగ్నల్ సగానికి పడ్డట్టు, 10 తేడా అంటే పదో వంతుకు, 20 తేడా అంటే వందో వంతుకు.

రెండో అంకె ఎస్ఐఎన్ఆర్, అంటే చుట్టూ ఉన్న గోల కన్నా మీ సిగ్నల్ ఎంత పైన ఉందో చెప్పేది. చాలామంది దీన్ని చూడరు, కానీ వేగాన్ని తేల్చేది ఇదే. పైడితల్లమ్మ సిరిమాను రోజున విజయనగరంలో మైకు పక్కన నిలబడి మాట్లాడినట్టు: మీ గొంతు పెద్దదే, చుట్టూ గోల ఇంకా పెద్దది. 20 పైన ఉంటే శుభ్రం, 10 నుంచి 20 బాగానే ఉన్నట్టు, 5 కన్నా తక్కువైతే మాట తడబడినట్టే, సున్నా కిందకు పోతే ఎన్ని గీతలున్నా నెట్ లాగదు. రెండు మూడు టవర్లు సమాన బలంతో తగిలే చోట, మేడల మీద ముఖ్యంగా, ఇలా జరుగుతుంది. సిగ్నల్ కోసం మేడ ఎక్కితే వేగం తగ్గడం వింతేమీ కాదు. అలాంటప్పుడు ఒక గోడ చాటుకు జరిగితే మిగతా టవర్ల గోల తగ్గి నెట్ మెరుగవుతుంది.

మూడో అడుగు: ఇల్లంతా తిరిగి రాయండి

కాగితం మీద నాలుగు గడులు గీయండి: చోటు, ఆర్ఎస్ఆర్‌పీ, ఎస్ఐఎన్ఆర్, బ్యాండ్. వీధి అరుగు, నడిమి గది, పడక, వంటిల్లు, మేడ, కావాలంటే పశువుల శాల. ప్రతి చోటా ఫోను కదలకుండా ఒక నిమిషం పట్టుకుని, అంకె కుదురుకున్నాక రాయండి. 5 డీబీఎం అటూ ఇటూ ఊగడం మామూలే. వేరే కంపెనీని పరీక్షించేటప్పుడు వాళ్ల ఫోనుతో కాకుండా వాళ్ల సిమ్‌ను మీ ఫోనులో వేసి చూడండి. ఫోను యాంటెన్నాలు ఒక్కలా ఉండవు. రెండు ఫోన్లతో రెండు కంపెనీలను పోలిస్తే మీరు కొలిచేది ఫోన్లనే అవుతుంది.

నరసన్నపేట వైపు ఒక ఊళ్లో, రోడ్డు మీద మైనస్ 92 వచ్చిందనుకోండి. పాత పెంకుటింట్లోకి వెళ్తే 97, 98 దగ్గర ఆగుతుంది. పెంకు, మట్టిగోడ పెద్దగా అడ్డు పడవు. పక్కనే కొత్తగా కట్టిన స్లాబు ఇంటి నడిమి గదిలోకి వెళ్తే 112కి పడిపోతుంది. 20 తేడా, అంటే వందో వంతు. అదే ఊళ్లో రేకుల షెడ్డు ఉంటే ఇంకా దారుణం. ఇనుము రేడియో తరంగాలను వెనక్కి కొడుతుంది, తలుపు, కిటికీ లోంచి వచ్చిందే దిక్కు. పలాస జీడి షెడ్లలో పనిచేసేవాళ్ల ఫోన్లు గుమ్మం దగ్గరే ఎందుకు మోగుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఉద్దానం కొబ్బరి తోటల్లో ఇంకో రకం. ఆకు తడిగా ఉన్నప్పుడు 2300, 3300 బ్యాండ్లు బాగా నష్టపోతాయి, 700, 850, 900 అంతగా నష్టపోవు. వాన పడేటప్పుడు నెట్ మందగిస్తే వానచినుకుల కన్నా తడిసిన ఆకుల మీదే అనుమానం పెట్టుకోండి.

నాలుగో అడుగు: వేగం, మూడు పూటలా

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్ గానీ, మీకు నచ్చిన ఇంకో వేగ పరీక్ష యాప్ గానీ చాలు. పొద్దున్న 6, 7 మధ్య ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి 8, 10 మధ్య ఒకటి. ఒక్కో పూట మూడుసార్లు చేసి నడిమి అంకెను తీసుకోండి. పొద్దున్న 40 వచ్చి రాత్రి 3 వస్తే సిగ్నల్ తప్పు కాదు, టవర్ మీద రద్దీ. ఫోను మార్చినా రద్దీ తగ్గదు, కంపెనీయో బ్యాండో మారాలి.

ఇక్కడ జనం చేసే పొరపాట్లు మూడు. రోజువారీ కోటా అయిపోయాక పరీక్ష చేయడం మొదటిది. అప్పుడు వేగాన్ని 64 కేబీపీఎస్‌కో ఇంకో చిన్న అంకెకో కట్టేస్తారు, అది నెట్‌వర్క్ లోపం కాదు. రెండోది, 5జీలో పదేపదే పరీక్ష చేసి కోటా ఊడ్చుకోవడం. ఒక్కో పరీక్షకే వందల ఎంబీ పోవచ్చు. మూడోది, ఎంబీపీఎస్‌ను ఎంబీగా చదవడం. 8 ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఒక ఎంబీ మాత్రమే.

ఎంత వేగం కావాలి? యూపీఐకి వేగంతో పనిలేదు, తెగకుండా ఉంటే చాలు. యూట్యూబ్ 720పీకి రెండున్నర, 1080పీకి 5 ఎంబీపీఎస్ సరిపోతాయి. వీడియో కాల్‌కు వచ్చేదీ పోయేదీ చెరో ఒకటిన్నర ఉండాలి. అప్‌లోడ్ చూడటం మరిచిపోకండి. 2300 బ్యాండ్ లాంటివాటిలో డౌన్‌లోడ్, అప్‌లోడ్ ఒకే బాటను సమయం పంచుకుంటాయి, ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌కే ఇస్తారు. డౌన్‌లోడ్ 30 ఉన్నా అప్‌లోడ్ 1 దగ్గర ఆగితే, పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసులో టీచరు బొమ్మ బాగా కనిపిస్తుంది, పిల్లవాడి గొంతు అటువైపు ముక్కలవుతుంది.

ఎవరికి ఏది

కీప్యాడ్ ఫోను వాడే తాతగారికి 2జీ బలంగా ఉన్న సిమ్ వేయండి, జియోనే కావాలంటే 4జీ కీప్యాడ్ ఫోను కొనాల్సిందే. కొట్టు నడిపేవారికి యూపీఐ సౌండ్‌బాక్సులో సొంత సిమ్ ఉంటుంది. అది మోగకపోతే మీ ఫోను సిగ్నల్‌తో సంబంధం లేదు, పెట్టెను గుమ్మం దగ్గరికి జరిపి చూడండి.

పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగా విశాఖకు రోజూ రైల్లో వెళ్లివచ్చేవారికి 5జీ కన్నా 850, 900 బ్యాండ్లలో ఒడుపుగా టవర్ మారే 4జీయే నయం. రైల్లో కాల్స్ తెగుతుంటే ఫోను నెట్‌వర్క్ రకాన్ని 4జీకి కట్టి ఒక వారం చూడండి.

ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవారు సిమ్ మీద ఆధారపడటం తెలివైన పని కాదని మా అభిప్రాయం. ఫైబర్ వస్తే అదే. రాకపోతే మేడ మీద యాంటెన్నా పెట్టే ఎయిర్‌ఫైబర్. బిగించేవారిని ఆ యాంటెన్నా దగ్గర ఎన్ని డీబీఎం వస్తుందో చూపించమని అడగండి, సందేహిస్తే బిగించనివ్వకండి. ఇంట్లో వైఫై ఉండి సిమ్ సిగ్నల్ లేనివారికి సులువైన మార్గం వైఫై కాలింగ్. జియోలో, ఎయిర్‌టెల్‌లో అదనపు రుసుము లేకుండా ఉంది, ఫోను సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే స్లాబు ఇంటి నడిమి గదిలోనూ మామూలు కాల్స్ వస్తాయి. సిగ్నల్ బూస్టర్ అని బజారులో అమ్మే పెట్టెలు మాత్రం కొనకండి. అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం, పైగా అవి చుట్టుపక్కల ఇళ్ల సిగ్నల్‌ను పాడుచేస్తాయి.

ఏజెన్సీ వైపు, సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో, ఎంచుకునే అవకాశమే తక్కువ. అక్కడ కొండ మలుపు ఒక్కటే సిగ్నల్‌ను కోసేస్తుంది. సిగ్నల్ అందని గ్రామాల కోసం కేంద్రం 2022లో ఆమోదించిన 4జీ పథకం బీఎస్ఎన్ఎల్ ద్వారానే అమలవుతోంది కాబట్టి, ఆ వైపు ఊళ్లలో ముందు బీఎస్ఎన్ఎల్ 4జీ సిమ్‌తో, బ్యాండ్ 28 ఉన్న ఫోనుతో కొలిచి చూడండి.

రెండు సిమ్‌లు వేసేవారు వేర్వేరు కంపెనీలవి తీసుకుంటారు, అంతవరకు సరే. కానీ చాలాచోట్ల ఒకే టవర్ మీద రెండు మూడు కంపెనీల యాంటెన్నాలు ఉంటాయి. కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే అన్నీ ఒకేసారి పడిపోతాయి. కేంద్ర టెలికాం శాఖ తరంగ్ సంచార్ వెబ్‌సైట్‌లో మీ ఊరి చుట్టూ ఉన్న టవర్లు మ్యాప్ మీద కనిపిస్తాయి. వీలైతే వేర్వేరు టవర్ల నుంచి వచ్చే రెండు సిమ్‌లను ఎంచుకోండి. కంపెనీల వెబ్‌సైట్లలోనూ కవరేజీ మ్యాపులున్నాయి. అవి రోడ్డు మీద సిగ్నల్‌ను చెబుతాయి, మీ పడగ్గదిని కాదు.

కంపెనీ మారాలనుకుంటే

ఫోను నంబరు మార్చకుండా కంపెనీ మారడానికి, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు రాసి 1900కు ఎస్ఎంఎస్ పంపండి. ఎనిమిది అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ వస్తుంది, మన దగ్గర దాని గడువు 4 రోజులు. ఆ కోడ్, ఆధార్ పట్టుకుని కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లాలి. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఒకే టెలికాం సర్కిల్ కాబట్టి హైదరాబాదులో తీసుకున్న నంబరైనా ఇక్కడ 3 పనిదినాల్లో మారిపోతుంది. ఒడిశా నంబరైతే 5 పనిదినాలు. కనెక్షన్ తీసుకుని లేదా క్రితంసారి మారి 90 రోజులు నిండి ఉండాలి. సిమ్ పోయి కొత్తది తీసుకున్న 7 రోజుల్లోపు మారడం కుదరదు. మిగిలిన బ్యాలెన్సు, రీఛార్జి గడువు కొత్త కంపెనీకి రావు, కాబట్టి గడువు చివరి వారంలో అడగడం లాభం.

మారిన రోజు యూపీఐ యాప్ మళ్లీ సిమ్ ధ్రువీకరణ అడగొచ్చు. అలాగే అదే కంపెనీలో పాత సిమ్ తీసి 4జీ సిమ్ వేయించుకుంటే, మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన ప్రకారం 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. బ్యాంకు ఓటీపీ కావలసిన రోజున ఆ పని పెట్టుకోకండి.

ఒడిశా సరిహద్దు ఊళ్ల తిప్పలు

ఇచ్ఛాపురం, మందస, పాతపట్నం వైపు ఫోను ఒడిశా సర్కిల్ టవర్‌ను పట్టుకోవడం మామూలే. పాతపట్నంలో కూర్చున్నవారి ఫోను పర్లాకిమిడి టవర్‌కు తగులుకుంటుంది. కొన్ని ఫోన్లు దీన్ని రోమింగ్‌గా లెక్కపెడతాయి, పైన ఇంగ్లీషు ‘ఆర్’ కనిపిస్తుంది. డేటా రోమింగ్ ఆపేసి ఉంటే గీతలన్నీ ఉన్నా నెట్ రాదు, కాల్స్ మాత్రం వస్తాయి. మందు సులువు: సిమ్ సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆన్ చేయండి. మామూలు ప్లాన్లలో దేశం లోపల దీనికి అదనపు ఖర్చు లేదు. విదేశాలకు వెళ్లేముందు మాత్రం మళ్లీ ఆపాలి.

ఏం చేసినా బాగుపడకపోతే

ముందు ఏరోప్లేన్ మోడ్ పది సెకన్లు పెట్టి తీయండి. ఫోను పాత టవర్‌ను పట్టుకుని వేలాడుతుంటే వదిలి కొత్తదాన్ని వెతుకుతుంది. 5జీ ఊగిసలాడే చోట 4జీకి కట్టండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ చేస్తే వైఫై పాస్‌వర్డులు పోతాయి, సిద్ధంగా ఉండండి.

అప్పటికీ కుదరకపోతే 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదుకు ఇచ్చే నంబరు) రాసుకోండి. ‘సిగ్నల్ రావట్లేదు’ అంటే ఫోను రీస్టార్ట్ చేయమంటారు. ‘ఫలానా వీధి, రాత్రి 8 నుంచి 10, ఆర్ఎస్ఆర్‌పీ మైనస్ 95, ఎస్ఐఎన్ఆర్ 2, బ్యాండ్ 40, వేగం 0.8’ అంటే విషయం ఇంజనీరు దాకా వెళ్తుంది. స్క్రీన్‌షాట్లు దాచుకోండి. ఫిర్యాదుకు కంపెనీ ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే 30 రోజుల్లో అదే కంపెనీ అప్పీలు విభాగానికి రాయవచ్చు.

జాతర రోజు, తుపాను రోజు

సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లంతా ఊరికి చేరినప్పుడు, అరసవల్లి రథసప్తమికి, సిరిమానోత్సవానికి 4జీ నిండిపోతుంది. కాల్ కలవకపోతే, 2జీ ఉన్న సిమ్‌ను కాసేపు 2జీకి కట్టి ప్రయత్నించండి. అందరూ 4జీలో తోసుకుంటుంటే అక్కడ చోటు దొరకొచ్చు. వాట్సాప్ కాల్ కన్నా ఎస్ఎంఎస్ ముందు చేరుతుంది.

తుపాను వేరే లెక్క. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు ఒకేసారి పోయాయి. టవర్ దగ్గరి బ్యాటరీలు కొన్ని గంటలకే. ఆ తర్వాత డీజిల్ చేరాలి, రోడ్డు తెగితే అదీ లేదు. హెచ్చరిక రాగానే పవర్ బ్యాంకు నింపి, ఇంటిల్లిపాది ఫోన్లలో ఒకదాన్ని ఆపేసి దాచండి. సిగ్నల్ అంచున ఉన్న ఫోను టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తినేస్తుంది. కాబట్టి మిగతావాటిని ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, గంటకొకసారి రెండు నిమిషాలు తీసి చూడండి.

ఇలాంటి విపత్తుల్లో ప్రభుత్వ ఆదేశంతో ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ టవర్ మీద పనిచేసేలా తాత్కాలికంగా తెరుస్తారు, దాన్ని ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. తెరిచామని ప్రకటించినా ఫోను తనంతట తాను పట్టుకోకపోతే, మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ తీసేసి, వెతికించి, జాబితాలో కనిపించే వేరే కంపెనీ పేర్లను ఒక్కొక్కటే నొక్కి చూడండి. వెతకడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆ లోపు ఫోను ముట్టుకోకండి. డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి. మీ టవర్ లేచాక మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చండి. లేకపోతే రోమింగ్ మూసేసిన రోజు, ఊరందరికీ సిగ్నల్ ఉన్నా మీ ఫోను మాత్రం పక్క కంపెనీ తలుపు కొడుతూనే ఉంటుంది.